కూతురి ముఖంలో శబ్దం

ఆటో స్టార్ట్ అయిన సంగతి సుమిత్రకు ఎప్పుడూ తొడలే చెప్పేవి. సీటు కింది రేకు వణకగానే ఆ వణుకు తొడల్లోంచి నడుములోకి, నడుములోంచి పళ్లలోకి పాకేది. అప్పుడు ఆమె ఊచ పట్టుకునేది. ఇవాళ జహీరాబాద్‌లో ఝరాసంగం ఆటో ఎక్కి కూర్చున్నాక కూడా ముందు తొడలే చెప్పాయి. ఆ తర్వాత, లేదా దాంతో పాటే, కుడి చెవి వెనక ఎముక లోపలెక్కడో ఎవరో బియ్యంలో వేళ్లు పెట్టి కెలికినట్టు ఏదో కదిలింది. ఇదేనా? ఆటో శబ్దం అంటే ఇదేనా, లేక తొడలు చెప్పిన కబురునే తల మళ్లీ తనకు తాను చెప్పుకుంటోందా? కళ్లు మూసుకుని చూసింది. డీజిల్ వాసన, కుదుపు, పక్కన ఆనుకుని ఉన్న శ్రుతి మోచేయి. వాటి మధ్యలో ఆ కెలుకుడు ఉందో లేదో తేలలేదు. కళ్లు తెరిచేసరికి కూతురు తన ముఖంలోకే చూస్తూ ఉంది, పెనం మీద జొన్నరొట్టె పొంగుతుందా లేదా అని వంగి చూసినట్టు. "ఇనబడ్తుందా?" అని చెవి దగ్గర వేళ్లు విప్పి అడిగింది. సుమిత్ర తలూపింది. ఊపాక, ఎందుకు ఊపానా అనుకుంది. తల ఊపడం ఆమెకు ఊపిరి తీసుకోవడం లాంటిది, అడిగిన మనిషి కళ్లలో ఆశ కనిపిస్తే చాలు, అదే ఊగుతుంది.

పొద్దున ఆ గదిలో కూడా అంతే కదా జరిగింది. హైదరాబాద్ దవాఖానలో, కిటికీ లేని చిన్న గది. చెవి ఆపరేషన్ చేసి నెల దాటింది, గాయం మానింది, గొరిగిన చోట వెంట్రుకలు గరుకుగా మొలిచాయి. మేడం చిక్కుడుకాయంత మిషన్ చెవి మీద తగిలించి, దాని తీగ చివరి బిళ్ళను తల మీద పెట్టగానే అది చర్మం లోపలున్న అయస్కాంతాన్ని వెతుక్కుని టక్కున అతుక్కుంది. తర్వాత మేడం కంప్యూటర్ మీటలు నొక్కుతూ, ఏదైనా వస్తే చెయ్యి ఎత్తమంది. మొదట ఏమీ లేదు. తర్వాత తడి బట్ట దండెం మీంచి జారినట్టు తల లోపల ఏదో జారింది. సుమిత్ర ఉలిక్కిపడి చెయ్యెత్తింది. ఆ జారడం నిజం. దాని మీద ఆమెకు అనుమానం లేదు, ఒళ్లంతా చెమట పట్టింది కూడా. కానీ తర్వాత మేడం లేచి ఆమె వీపు వెనక్కి వెళ్లింది, చప్పట్లు కొట్టడానికి, గజ్జెలు ఊపడానికి, డబ్బా మీద కొట్టడానికి. శ్రుతిని కూడా వెనకే కూర్చోమని చెప్పింది. శ్రుతి మాత్రం అమ్మ ముఖం చూడాలని కుర్చీ జరుపుకుని ఎదురుగా, గోడకు ఆనుకుని కూర్చుంది. అక్కడే వచ్చింది చిక్కు. వెనక చప్పట్లు పడ్డాయి, ఎదురుగా శ్రుతి రెప్పలు అల్లాడాయి, సుమిత్ర చెయ్యి లేచింది. గజ్జెలకు శ్రుతి పెదవి చివర విచ్చుకుంది, చెయ్యి లేచింది. డబ్బాకు శ్రుతి ఊపిరి ఒక్క క్షణం ఆగింది, చెయ్యి లేచింది. "మొదటి రోజే ఇంత బాగా!" అని మేడం ముందుకొచ్చి సంతోషపడి, కంప్యూటర్‌లో ఏవేవో గీతలు సర్దింది. ఆ గీతల ప్రకారమే ఇప్పుడు మిషన్ నడుస్తోంది.

మోసం చేయాలని చేసింది కాదు. ఆమె చెవులు ఎప్పుడో మనుషుల ముఖాల్లోకి వెళ్లిపోయాయి, అంతే. మూడేళ్లప్పుడు మెదడువాపు జ్వరం వచ్చి తగ్గింది, తగ్గుతూ తగ్గుతూ చెవులను తీసుకుపోయింది. అప్పటి నుంచి కుక్క మొరగడం ఆమెకు వాకిట్లో వాళ్ల మెడలు తిరగడంలో వినిపించింది. కుక్కర్ విజిల్ అత్తమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టి లేవడంలో, ఉరుము ఎద్దు చెవుల్లో, భర్త గిరీశ్ లారీ హారన్ శ్రుతి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తడంలో. పెళ్లిలో డోలు మాత్రం నేరుగా కడుపులోకే వచ్చింది. అందుకే పెళ్లంటే ఆమెకు కడుపు గుర్తొస్తుంది, పక్కన కూర్చున్న గిరీశ్ కంటే ముందు. ముఖం చూడకుండా ఉండమని పొద్దున ఎవరూ చెప్పలేదు. చెప్పినా, ఎట్లా చూడకుండా ఉండేది? కూతురు ఎదురుగా ఉంటే. ఆ రెప్పలు, ఆ పెదవి చివర. వాటితో పాటు లోపల కూడా ఏదైనా కదిలిందేమో. కదిలి ఉండవచ్చు. కదలకపోయి ఉండవచ్చు. ఆమె ఎంత తవ్వుకున్నా గుర్తొచ్చేది శ్రుతి ముఖమే. బయటకు రాగానే శ్రుతి గోడవైపు తిరిగి ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఫోన్ తీసి వాళ్ల నాన్నకు చెప్పింది: "నాన్నా, అమ్మకు అన్నీ ఇనబడ్తున్నయి." ఆ 'అన్నీ' అన్న మాట దగ్గర పెదవులు ఎంత సాగాయో సుమిత్ర చూసింది.

ఇంటి దగ్గర శివమ్మ అత్తమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది. అత్తమ్మ కొంగు ముడిలో ఎప్పుడూ గుప్పెడు కందిగింజలు ఉండేవి. కోడలిని పిలవాలంటే రెండు గింజలు తీసి వీపు మీదికి విసిరేది. సుమిత్ర తిరిగేది, కోళ్లు పరుగెత్తుకొచ్చేవి. ఒక్కోసారి కోళ్లే ముందు వచ్చేవి. పెళ్లైన కొత్తలో ఆ గింజ తగిలితే కోపం వచ్చేది, తర్వాత తర్వాత ఆ గింజ తగలకపోతే అత్తమ్మకు ఒంట్లో బాగుందో లేదో అని తానే వెళ్లి చూసేది. ఇవాళ తెల్లవారుజామున బయలుదేరేటప్పుడు అత్తమ్మ నుదుటి విభూతి సరిచేసుకుని, వాకిట్లో నిలబడి, ముడి విప్పి, గింజలన్నీ కోళ్లకు పోసేసింది. "ఇగ ఇవెందుకు? మాపటికి వస్తది, నోరార పిలుస్త," అంది. కావాలనే నెమ్మదిగా అంది, కోడలు పెదవుల మీద చదువుకోవాలని.

జహీరాబాద్ చివర పెట్రోల్ బంకు దగ్గర ఆటో ఆగి యాదమ్మను ఎక్కించుకుంది. పక్కింటి మనిషే. సంచీ ఒళ్లో పెట్టుకుని ఎదురు సీట్లో ఒక ముసలాయనను జరిపి కూర్చుని, సుమిత్ర తలవైపు వేలు చూపింది. "ఏం బిడ్డా, అయిపాయెనా దవాఖాన పని?"

"అయింది అత్తా," అంది శ్రుతి. "ఇయ్యాల మిషన్ చాలు చేసిన్రు."

"ఇగ అన్నీ ఇంటదా? ఓరి దేవుడా! ఇన్నేండ్లు దీని ముంగటనె దీన్ని ఎన్నెన్ని అన్ననో. ఇగ జర నోరు కట్టుకోవాలె."

సుమిత్ర నవ్వి, చేతులతో చెప్పింది. శ్రుతి తలవంచుకుని, సిగ్గుపడుతూ ఆ మాటను నోటిలోకి మార్చింది: "నువ్వు అన్నయన్నీ అమ్మకు అప్పుడే తెల్సంట అత్తా. పెదవులు చూసి."

ఆటో అంతా నవ్వింది. యాదమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "గా బిళ్ళేంది మరి? అయస్కాంతమా? మా ఇంట్ల సూది కింద వడ్డది బిడ్డా, మీ అమ్మ తల జర మాపుకు ఇయ్యి, ఎతుక్కుని మళ్ల తెచ్చిస్త." నవ్వు ఇంకా అయిపోకముందే యాదమ్మ పెదవులు కనబడకుండా కొంగు ముఖం మీదికి లాక్కుంది. కొంగు గుడ్డ ఒకసారి ఉబ్బి దిగింది. ఎదురు ముసలాయన గుటక మింగి ఆగాడు. శ్రుతి వేళ్లు ఒళ్లో బిగుసుకున్నాయి. సుమిత్ర యాదమ్మవైపు తిరిగింది. "ఇన్నది! ఇన్నది!" అని యాదమ్మ తొడ చరుచుకుంది, డ్రైవర్ కూడా అద్దంలోంచి చూసి నవ్వాడు, శ్రుతి అమ్మ భుజం మీద తల పెట్టింది. మళ్లీ అదే పని చేశాను, అనుకుంది సుమిత్ర. పిలుపు విన్నది ఎవరు? ముసలాయన విన్నాడు. శ్రుతి విన్నది. తాను వాళ్లను చూసింది.

భుజం మీద తల బరువు. ఈ తల ఎంత చిన్నగా ఉండేది. పుట్టినప్పుడు పక్కన పడుకోబెట్టుకుని, చీర అంచు చించి ఒక కొస తన మణికట్టుకు, ఇంకో కొస పిల్ల కాలికి కట్టుకునేది. పిల్ల కాళ్లు తన్నుకుంటే ఆ అంచు లాగేది, తాను లేచేది. ఏడుపు అంటే ఆమెకు మణికట్టు. తర్వాత నడక వచ్చాక శ్రుతి ఎవరూ నేర్పకుండానే ఒక పని నేర్చుకుంది. కింద పడితే అక్కడే ఏడవదు. లేచి, గుడ్లనిండా నీళ్లు ఆపుకుని, వంటింటి దాకా నడిచి వచ్చి, అమ్మ గడ్డం రెండు చేతులతో పట్టుకుని తనవైపు తిప్పుకుని, అప్పుడు నోరు తెరిచి ఏడ్చేది. చూసినవాళ్లు నవ్వేవాళ్లు. సుమిత్రకు మాత్రం ఆ నడిచి వచ్చినంత సేపు పిల్ల ఏడుపు ఎక్కడ దాచుకుందో అని గుండె పిండినట్టయ్యేది. అందుకే చేతులతో శ్రుతి పేరు చెప్పాలంటే గడ్డం పట్టుకుంటుంది. అదే పేరు. బళ్లో ఉన్న పేరు ఇంకెవరిదో.

ఆ పిల్లే నాలుగో తరగతి నుంచి తన నోరు అయింది. రేషన్ షాపులో, బ్యాంకులో, ఆశా వర్కర్ వచ్చినప్పుడు. ఊరంతటితో అమ్మ మాటలు మాట్లాడి మాట్లాడి, తన మాటలకు వచ్చేసరికి నోరు పెగలదు. టీచర్ లేపితే నిలబడి బల్ల మీద గోరుతో గీస్తుందట. కానీ ఒకసారి శ్రుతి వెనక పెరట్లో గిన్నెలు తోముతున్నప్పుడు సుమిత్ర కిటికీలోంచి చూసింది. పిల్ల గొంతు కదులుతోంది, పెదవులు కదులుతున్నాయి, తల మెల్లగా ఊగుతోంది. మాట్లాడటం కాదు అది. మాట్లాడితే గొంతు అట్లా సాగదు. ఎంతసేపు నిలబడి చూసిందో. శ్రుతి తలెత్తి చూసి, టక్కున ఆపి, చెవుల దాకా ఎర్రబడింది. ఆ గొంతులో ఏముందో తెలుసుకోవాలని ఆ రోజే అనిపించింది. ఎవరికీ చెప్పలేదు. తర్వాత శ్రుతి ఫోన్‌లో ఈ ఆపరేషన్ గురించి చూసి, వాళ్ల నాన్నను వేధించి, తనను వేధించినప్పుడు, ఒప్పుకున్నది అందుకే.

డాక్టర్ మాత్రం ముందే చెప్పాడు. "చిన్నప్పుడే పోయిన చెవి. ఇన్నేళ్ల తర్వాత శబ్దం వస్తుంది, మాట అర్థమవుతుందని నేను చెప్పలేను. మెదడు ఆ దారి ఎప్పుడో మరిచిపోయింది. చాలా సాధన కావాలి, అప్పటికీ రాకపోవచ్చు." శ్రుతి తనవైపు తిరిగి చేతులతో చెప్పింది ఇంతే: శబ్దం వస్తుంది. మిగతాది మింగేసింది. సుమిత్ర మిగతాదంతా డాక్టర్ పెదవుల మీద చదివేసింది, చదవనట్టే కూర్చుంది. ఇద్దరూ ఒకరి నుంచి ఒకరు అదే మాటను దాచుకుని బస్సెక్కారు.

ఇప్పుడు ఇంకో మాట దాస్తోంది. ఆటో కంది చేలు దాటింది, చెరుకు దాటింది, గాలి దుమ్ము తెచ్చింది. మిషన్ లోపల ఏదో చిటపటమంటున్నట్టుంది, అది గాలేనా? చెప్పకపోతే ఏమవుతుంది? ఇంటికి పోతారు. అత్తమ్మ లోపలి నుంచి పిలుస్తుంది. శ్రుతి ముఖం వెలుగుతుంది, తాను తిరుగుతుంది. గిరీశ్ తలుపు చాటు నుంచి పిలుస్తాడు, అత్తమ్మ నవ్వు ఆపుకుంటుంది, తాను తిరుగుతుంది. అందరూ సంతోషిస్తారు. అట్లా ఎన్ని రోజులైనా నడపగలదు, ఆ పనిలో ఆమెను మించినవాళ్లు లేరు. కానీ మేడం తప్పు గీతల మీదే ఇంకో గీత గీస్తుంది, దాని మీద ఇంకొకటి. మిషన్‌కు ఎప్పటికీ ఆమె తల దొరకదు. పెరట్లో ఆ గొంతు సాగుతుంది, తాను కిటికీ దగ్గర నిలబడి తల ఊపుతుంది. అదొక్కదానికి ఆమె మనసు ఒప్పలేదు. ఊరందరి ముందు తల ఊపవచ్చు. ఆ గొంతుకు అబద్ధం తల ఊపడం ఎట్లా? చెబితే మాత్రం, ఈ భుజం మీది తల లేస్తుంది. 'అన్నీ' అన్న ఆ పెదవులు.

ఊరి మలుపు దగ్గర దిగారు. యాదమ్మ ఆటోలోనే ముందుకు పోయింది, చుట్టాలింట్లో పని ఉందట. ఇక్కడి నుంచి ఊళ్లోకి జొన్నచేల మధ్య బండిబాట. జొన్న పాలుపోసుకుని కంకులు బరువెక్కాయి. శ్రుతి సంచీ భుజాన వేసుకుని ముందు నడవబోయింది. సుమిత్ర ఆమె చెయ్యి పట్టి ఆపింది. ఆపినందుకు తనకే భయమేసింది. రెండు చేతులు ఖాళీ చేసుకోవడానికి ప్లాస్టిక్ కవరు కింద పెట్టింది, మళ్లీ తీసి ఇంకో పక్క పెట్టింది. అప్పుడు చెప్పింది. "ఆ రూములో, మేడం ఎనుక నిలబడ్డప్పుడు, నేను నీ మొఖం జూసి చెయ్యెత్తిన."

శ్రుతి అర్థం కానట్టు చూసింది.

"చప్పట్లకు నీ రెప్పలు కొట్టుకున్నయి. గజ్జెలకు నవ్వినవు. ఆటోల గూడ అంతే. నాకు ఇనబడ్డదో లేదో నాకే తెల్వదు, బిడ్డా."

శ్రుతి పెదవులు ముడుచుకుంది. చిన్నప్పుడు ఏడుపు మోసుకొచ్చినప్పటి ముఖమే. చేతులు లేచాయి, కానీ కోపంగా కాదు. "నన్ను ఎనుక కూసోమన్నది మేడం," అంది. "నేనే ఇనలే. నీ మొఖం చూద్దామని." ముక్కు ఎగబీల్చింది. "ఇద్దరం ఒకల్ల మొఖం ఒకలం జూస్కుంట కూసున్నం." అంటూనే నవ్వు వచ్చేసింది, కళ్లలోంచి నీళ్లు కూడా. తల్లి బుగ్గ తడిమి, భుజాలు పట్టుకుని ఆమెను ఊరివైపు తిప్పింది. ముందు నడువు, ఎనక్కు చూడకు, నేను పిలుస్త, అని గాలిలో చూపించి వీపు మీద మెత్తగా తోసింది.

సుమిత్ర నడిచింది. ముందు ఎవరూ లేరు. ముఖాలు లేవు. ఇంత ఖాళీగా ఆమె ఎప్పుడూ నడవలేదు. ఎక్కడికి వెళ్లినా ఎదురుగా ఎవరో ఒకరి కనుబొమ్మలు ఉండేవి. ఇప్పుడు బాట, మట్టి, జొన్న ఆకులు. చెవి వెనక ఆ చిటపట ఉంది, పోయింది. అడుగు వేస్తే ఏదో, ఆగితే లేదు. అడుగుకేనా? పిలిచిందా? పిలిస్తే ఎట్లా ఉంటుంది, ఆ గొంతు ఎట్లా వస్తుంది, బియ్యంలా వస్తుందా, తడి బట్టలా జారుతుందా? ఏమీ రాకపోతే ఏం చెప్పాలి? ఏమీ రాలేదు అని చెప్పాలి. అంతే. ఇంకో అడుగు. ఇంకోటి. అప్పుడు చెవి వెనక ఎముక మీద ఎవరో గోటితో మీటినట్టు పడింది. గట్టిగా, గరుకుగా. మళ్లీ ఒకటి. మళ్లీ. సుమిత్ర నిలబడిపోయి, ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. "నువ్వేనా? పిలిచినవా?"

శ్రుతి తిప్పి పంపిన చోటే ఉంది. నోటి మీద రెండు చేతులూ ఉన్నాయి. అడ్డంగా తల ఊపింది. "నేనింకా పిలువనే లేదు. గొంతు వస్తలేదు."

మళ్లీ పడింది, అదే గోరు. శ్రుతి ముఖంలో మాత్రం ఏమీ లేదు. రెప్ప కదలలేదు, ఊపిరి ఆగలేదు. ఆ ముఖంలో లేనిది తన తలలో ఉంది. మరి ఇదేంది, అని చెవి చూపించి అడిగింది. శ్రుతి చుట్టూ చూసింది, వింది, కళ్లు పెద్దవి చేసుకుని చేను అవతలికి వేలు చూపింది. దూరంగా మంచె మీద మల్లప్ప తాత కంకుల మీది పిట్టలను తోలుతున్నాడు. ఒక చేతిలో నూనె డబ్బా, ఇంకో చేతిలో కట్టె. ఏటా చూసేదే. పిట్టలు ఆ చెయ్యి ఊపు చూసే లేస్తాయని ఇన్నేళ్లూ అనుకుంది. తాత చెయ్యి లేచి దిగింది. ఏమీ లేదు. చెయ్యి మళ్లీ పైకి లేచింది, అప్పుడు పడింది గోరు. సుమిత్ర తల అడ్డంగా ఊపింది. అది కాదు. చెయ్యి దిగినప్పుడు రావడం లేదు.

"అదే అమ్మా," అంది శ్రుతి చేతులు, తొందరలో తడబడుతూ. "దూరం గద. అక్కడ కొట్టినంక మనదాంక రావాలె. లేటుగ వస్తది."

నడిచి వస్తుందా? ఇన్నేళ్లలో ఎవరూ ఆమెకు ఈ సంగతి చెప్పలేదు. ముఖాల్లో విన్న శబ్దం ఎప్పుడూ ఉన్నపళంగానే ఉండేది. ఇది అక్కడ బయలుదేరి, జొన్న కంకుల మీంచి, ఒంటరిగా, ఎవరి ముఖంలోనూ ఆగకుండా ఆమె దాకా వస్తోంది. శ్రుతి దగ్గరికొచ్చి పక్కన నిలబడింది. "నాకంటె ముందు డబ్బానా?" అని మూతి ముడిచింది. సుమిత్ర నవ్వుతూ ఆమె జడ పట్టి లాగింది. సంచీలో ఫోన్ వెలిగింది. శ్రుతి తీసి చూసింది. "నాన్న. అవ్వ గూడ పక్కకే ఉంటది. ఏం చెప్పాలె?"

"మల్లప్ప తాత డబ్బా ఇన్నదని చెప్పు."

"గంతేనా?"

"గంతే. మళ్ల దవాఖానకు పోవాలె, మేడంకు అంతా మొదటి సంది చెప్పాలె. అది గూడ చెప్పు."

శ్రుతి ఫోన్ చెవికి పెట్టుకుంది. ఏం చెబుతోందోనని సుమిత్ర ఆ పెదవులవైపు తిరగలేదు. మంచె వైపే చూస్తూ నిలబడింది. తాత చెయ్యి లేచింది, దిగింది. పిట్టలు లేచాయి. ఆమె ఊపిరి బిగబట్టి ఆగింది. అది దారిలో ఉంది.